ఒక్క మాటను రోజంతా నెమరువేయడం: దివ్య పఠనానికి సమగ్ర మార్గదర్శి

రోజుకు మూడు అధ్యాయాల చొప్పున పరిశుద్ధ గ్రంథాన్ని ఏడాదిలో ముగించాలని నియమం పెట్టుకొని, ఉదయం చదివినదానిలో సాయంత్రానికి ఒక్క వాక్యమైనా గుర్తుకు రాక మనసు చిన్నబోయిన రోజులు నాకు చాలా ఉన్నాయి. అలా చదవడం తప్పు కాదు. అయితే వార్తలు చదివినంత వేగంగా దేవుని మాటను చదివితే అది కంటికి తగిలి జారిపోతుందే తప్ప గుండెలోకి దిగదు. నాకు ఆ కొరత తీరింది ఎక్కువ చదవడం వల్ల కాదు, కొద్దిగా చదివి దాని దగ్గర ఎక్కువసేపు కూర్చోవడం వల్ల. శ్రీసభ, అంటే కతోలిక సంఘం, సంప్రదాయంలో ఈ పద్ధతికి లెక్సియో దివీనా అని పేరు. తెలుగులో దివ్య పఠనం అంటాం.

ఇది కొత్తగా పుట్టిన పద్ధతి కాదు. ఆరవ శతాబ్దంలో పునీత బెనెడిక్టు తన మఠవాసుల కోసం రాసిన నియమావళి 48వ అధ్యాయంలో చేతిపనికి వేళలు కేటాయించినట్టే ఈ పఠనానికి కూడా కేటాయించారు. 12వ శతాబ్దంలో కార్తూసియన్ మఠాధిపతి రెండవ గీగో దీనిని నాలుగు మెట్ల నిచ్చెనగా వివరించారు: పఠనం, మననం, ప్రార్థన, దేవుని సన్నిధిలో మౌనం. పఠనం ముద్దను నోటికి అందిస్తుంది, మననం దానిని నములుతుంది, ప్రార్థన దాని రుచిని తెలుసుకుంటుంది, చివరిది ఆ తీపే అని ఆయన పోల్చి చెప్పారు. 1965 నవంబరు 18న రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచవ్యాప్త కతోలిక పీఠాధిపతుల సమావేశం) వెలువరించిన దైవావిష్కరణ పత్రం ఈ సంపదను మఠాల గోడలకే పరిమితం చేయకుండా విశ్వాసులందరి చేతుల్లో పెట్టింది. లేఖనాలను ఎరుగకపోవడమంటే క్రీస్తును ఎరుగకపోవడమే అన్న పునీత జెరోము మాటను ఆ సందర్భంలోనే గుర్తుచేసింది. కనుక ఇది గురువులకూ కన్యస్త్రీలకూ సంబంధించినది, మనకెందుకు అని ఎవరూ అనుకోనవసరం లేదు.

ముందుగా: ఏ భాగం చదవాలి

గ్రంథాన్ని కళ్లు మూసుకొని తెరిచి, వేలు పడిన వచనమే ఈరోజు దేవుడు నాకిచ్చిన మాట అనుకునే అలవాటు కొందరికి ఉంది. దీనికి పునీత అగస్టీను ఉదంతాన్ని ఆధారంగా చూపుతారు. 386లో మిలాను నగరంలోని ఒక తోటలో, తీసి చదువు అని పలుకుతున్న పసిగొంతు విని ఆయన పౌలు లేఖల ప్రతిని తెరిచారు. రోమీయులకు రాసిన లేఖ 13వ అధ్యాయంలోని మాటలు కంటపడి ఆయన జీవితం మలుపు తిరిగింది. అయితే ఆ పుస్తకం ఆయనకు అపరిచితమైనది కాదని మరచిపోకూడదు. అంతకు ముందునుంచే ఆయన పౌలు లేఖలను శ్రద్ధగా చదువుతూ, తనతో తాను పెనుగులాడుతూ ఉన్నారు. దేవుడు ఆ ఒక్కసారి అనుగ్రహించిన దానిని మనం రోజువారీ పద్ధతిగా మార్చుకుంటే, తెలియకుండానే లేఖనాన్ని సోదె చెప్పే పుస్తకంగా దిగజార్చినవాళ్లమవుతాం.

అంతకంటే సురక్షితమైన దారి, ఆ రోజు దివ్యబలిపూజలో (గుడిలో గురువు జరిపే ఆరాధనలో) చదివే సువిశేషాన్ని, అంటే యేసు జీవితాన్ని చెప్పే భాగాన్ని, తీసుకోవడం. ఆదివారాల పఠనాలు మూడేళ్లకు ఒక ఆవృత్తిగా సాగుతాయి: ఒక ఏడు ప్రధానంగా మత్తయి, మరుసటి ఏడు మార్కు, ఆ పై ఏడు లూకా. యోహాను సువిశేషం ముఖ్యంగా పాస్కా (ఈస్టరు) కాలంలో వినిపిస్తుంది. మార్కు సంవత్సరంలో కొన్ని ఆదివారాలు వరుసగా యోహాను 6వ అధ్యాయం కూడా వస్తుంది. సామాన్య కాలపు (ప్రత్యేక పండుగ కాలాలు కాని వారాల) పనిదినాలలో మొదటి పఠనం రెండేళ్ల ఆవృత్తిలో నడుస్తుంది, సువిశేషం మాత్రం ఏటా అదే క్రమంలో తిరిగి వస్తుంది. ఈ క్రమాన్ని అనుసరించడంలో ఒక పెద్ద మేలు ఉంది. మనకు నచ్చిన భాగాలనే ఏరుకొనే స్వేచ్ఛ తగ్గుతుంది కాబట్టి, మనం తప్పించుకు తిరిగే మాటలు కూడా మన ముందుకు వస్తాయి.

చేతిలో ఉండవలసినది 73 పుస్తకాలు గల కతోలిక ప్రతి. పాత నిబంధనలో 46, నూతన నిబంధనలో 27. తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా జ్ఞానగ్రంథం, బారూకు, రెండు మక్కబీయుల గ్రంథాలు లేని ప్రతితో పూజ పఠనాలను అనుసరిస్తే కొన్ని రోజులు పేజీయే దొరకదు. వీలైతే అచ్చు పుస్తకమే వాడండి. ఫోనులో చదవక తప్పనివారు కనీసం మోతలను ఆపివేయండి.

సమయం విషయంలో ఒకటే సలహా: ఇరవై నిమిషాలు చాలు, కానీ ప్రతిరోజూ ఒకే వేళ కావాలి. మిగిలిన సమయాన్ని దేవునికిద్దాం అనుకున్న రోజున సమయం మిగలదు.

మొదటి మెట్టు: ఆగడం, ఆ తర్వాత చదవడం

కూర్చున్న వెంటనే పుస్తకం తెరవకండి. సిలువ గుర్తు వేసుకొని, ఒకటి రెండు నిమిషాలు ఊరకే ఉండండి. మనసులో తిరుగుతున్న పనులను బలవంతంగా తరమనవసరం లేదు. వాటిని పేరుపేరునా ప్రభువుకు అప్పగించి పక్కన పెట్టండి. ఈ లేఖనాన్ని ప్రేరేపించిన పవిత్రాత్మే దీనిని వినే చెవిని కూడా ఇవ్వాలి కాబట్టి, సొంత మాటల్లో ఒక చిన్న మనవి చేయండి: పవిత్రాత్మమా, రమ్ము, ఈరోజు నేను వినవలసినది వినిపించు. పునీత బెనెడిక్టు నియమావళి మొదటి మాటే ఆలకించు అన్నది; హృదయపు చెవిని ఒగ్గమని ఆయన వెంటనే చెబుతారు.

ఇప్పుడు చదవండి, పెదవులు కదిలేలా, మీకు మీరు వినబడేలా. మొదటి కీర్తన ధన్యుడైన మనిషిని వర్ణిస్తూ, అతడు ప్రభువు ధర్మశాస్త్రాన్ని రేయింబవళ్లు ధ్యానిస్తాడని అంటుంది. అక్కడ ధ్యానించడం అని మనం చదివే హీబ్రూ మాట హాగా. దానికి గొణగడం, లోగొంతుకతో పలకడం అని అర్థం. యెషయా గ్రంథం 31వ అధ్యాయంలో ఎరను పట్టుకున్న సింహం దాని మీద గుర్రుమనడానికి కూడా ఇదే క్రియ వాడారు. అంటే ధ్యానం తలలో మాత్రమే జరిగేది కాదు. నోరు, చెవి, ఊపిరి అన్నీ అందులో పాలుపంచుకుంటాయి.

ఆ భాగాన్ని మూడుసార్లు చదవండి. మొదటిసారి ఏం జరుగుతోందో, ఎవరు ఎవరితో ఏమంటున్నారో తెలుసుకోవడానికి. రెండోసారి మరింత నిదానంగా, క్రియాపదాల మీద దృష్టి పెట్టి. మూడోసారి ఏ మాట దగ్గర మనసు చిక్కుకుంటుందో అక్కడ ఆగడానికి. ఆ మాట ఓదార్చేదే కావాలని లేదు, గుచ్చుకున్నదైనా సరే. ఒక్కటీ తగలకపోతే మొదటి వాక్యాన్నే తీసుకోండి. అద్భుతమైన మాట కోసం వెతకడం కూడా ఒక రకమైన తొందరే.

రెండవ మెట్టు: మననం

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడదాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే తికమకపడతారు. ప్రాచీన మఠవాసులు మననాన్ని నెమరు వేయడంతో పోల్చారు. ఆవు మేసేటప్పుడు గబగబా మేస్తుంది, నీడపట్టున చేరాక మేసినదాన్ని మళ్లీ నోటికి తెచ్చుకొని తీరుబడిగా నములుతుంది. బేత్లెహేములో గొల్లలు చెప్పిన మాటలను మరియ మాత హృదయంలో పదిలపరచుకొని మననం చేసిందని లూకా 2వ అధ్యాయంలో చదువుతాం. అక్కడున్న గ్రీకు మాటకు విడివిడిగా ఉన్నవాటిని ఒకచోట చేర్చి చూడడం అని భావం. విన్నదానినీ, జరిగినదానినీ, అర్థం కానిదానినీ పక్కపక్కన పెట్టుకొని ఆమె ఓపిక పట్టింది.

ఒక భాగాన్ని తీసుకొని దగ్గరగా చూద్దాం. మార్కు సువిశేషం 10వ అధ్యాయం, 46 నుండి 52 వరకు: యెరికో దారి పక్కన కూర్చుని బిచ్చమెత్తుకుంటున్న గ్రుడ్డివాడు బర్తిమయి. ఇది పూజలో వచ్చే ఆదివారం దాకా వేచి ఉండనవసరం లేదు, ఈరోజే తెరిచి చూడండి.

ముందు పాఠం ఏం చెబుతోందో అది చూడాలి. నజరేయుడైన యేసు వెళ్తున్నాడని విని ఆ బిచ్చగాడు, దావీదు కుమారా, నన్ను కరుణింపుము అని కేకలు వేస్తాడు. జనం నోరుమూసుకోమని గద్దిస్తారు. అతడు ఇంకా పెద్దగా అరుస్తాడు. అప్పుడు యేసు నిలిచి, అతణ్ణి పిలవమంటాడు. ఒక్క క్షణం ముందు వరకు గద్దించిన జనమే ఇప్పుడు ధైర్యం తెచ్చుకో, లే, నిన్ను పిలుస్తున్నాడు అంటారు. అతడు పైవస్త్రాన్ని విసిరివేసి ఒక్క ఉదుటున లేచి వస్తాడు.

ఆ తర్వాత పాఠానికి అటూ ఇటూ ఏముందో చూడాలి. యేసు బర్తిమయిని, నేను నీకేమి చేయగోరుచున్నావు అని అడుగుతాడు. కేవలం పదిహేను వచనాల వెనక్కు వెళితే, 36వ వచనంలో, యాకోబు యోహానులను ఆయన ఇదే ప్రశ్న అడిగాడు. వాళ్లు మహిమలో కుడిఎడమల ఆసనాలు కోరారు. ఏళ్ల తరబడి వెంట నడిచిన శిష్యులు సింహాసనాలు అడిగితే, దారి పక్కనున్న గ్రుడ్డివాడు చూపు అడిగాడు. ఇంకొంచెం వెనక్కు, 8వ అధ్యాయంలో, బేత్సయిదాలో మరో గ్రుడ్డివాడు అంచెలంచెలుగా చూపు పొందుతాడు. ఆ ఇద్దరు గ్రుడ్డివాళ్ల మధ్యనే యేసు తన శ్రమలను మూడుసార్లు ముందుగా చెప్పాడు, మూడుసార్లూ శిష్యులకు అది కనబడలేదు. మార్కు ఈ కథను ఇక్కడ ఎందుకు పెట్టాడో అప్పుడు తెలుస్తుంది. ఇక బర్తిమయి నోట వచ్చిన రబ్బూని అన్న సంబోధన నూతన నిబంధనలో మరొక్కచోటే వినిపిస్తుంది: ఖాళీ సమాధి దగ్గర మగ్దలా మరియమ్మ నోట.

ఇదంతా తెలుసుకోవడానికి గొప్ప పాండిత్యం అక్కరలేదు. ముందు వెనక పేజీలు తిప్పే ఓపిక, పేజీ అడుగున ఇచ్చిన వివరణలను చూసే అలవాటు ఉంటే చాలు. అయితే వివరణలు చదువుతూ చదువుతూ పాఠ్యాంశ పరిశోధనలోకి జారిపోకండి. పరిశోధన మంచిదే, దానికి మరో వేళ కేటాయించుకోండి.

చివరగా ఆ మాటను మీ రోజు పక్కన పెట్టండి. నన్ను ఈ భాగంలో పట్టి ఆపినది కేక కాదు, చూపు కాదు, యేసు నిలిచి అన్న చిన్న మాట. ఆయన యెరూషలేముకు, అంటే సిలువకు, వెళ్తున్నాడు. అంతటి పని మీద వెళ్తున్నవాడు ఒక బిచ్చగాడి గొంతు విని ఆగాడు. ఆ రోజు సాయంత్రం ఇంట్లో పెద్దావిడ ఏదో చెప్పడానికి వచ్చినప్పుడు, చేతిలో పని ఆపకుండా తల మాత్రం ఊపుతూ వింటున్న నాకు ఆ మాట గుర్తొచ్చింది. పని పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాను. ఆవిడ చెప్పినది పెద్ద విషయమేమీ కాదు, పాత రోజుల సంగతి. కానీ ఆవిడ ఆ సంగతిని మొదటిసారి చివరిదాకా చెప్పగలిగింది.

మననంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. వచనం చదవగానే ఇది ఫలానావాళ్లకు భలే తగులుతుంది అనిపిస్తే, వెంటనే ఆ ఆలోచనను ఆపండి. ఈ ఇరవై నిమిషాలు లేఖనం మీతో మాట్లాడడానికి కేటాయించినవి.

మూడవ మెట్టు: జవాబు చెప్పడం

ఇంతసేపూ దేవుడు మాట్లాడాడు, ఇప్పుడు మీరు మాట్లాడండి. అందమైన భాష వెతుక్కోకండి. బర్తిమయి ప్రార్థనలో ఉన్నవి రెండే మాటలు: ఆయన ఎవరో, తనకేం కావాలో. నేను నీకేమి చేయాలి అన్న ప్రశ్నకు మీ జవాబు ఏమిటో నిజంగా ఆలోచించి చెప్పండి. మనకు ఏది కావాలో మనకే తెలియదన్న సంగతి చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది. కోపం ఉంటే కోపం, భయం ఉంటే భయం, అలాగే చెప్పండి. కీర్తనల గ్రంథంలో దేవుణ్ణి ఎంతకాలమని నిలదీసిన ప్రార్థనలు ఉన్నాయి. శ్రీసభ వాటిని తీసివేయలేదు, తన దైవార్చనలో రోజూ పలుకుతూనే ఉంది. మాటలు రానప్పుడు ఆ వచనాన్నే తిప్పి పలకండి, లేదా పరలోక జపాన్ని ఒక్కొక్క మనవి దగ్గర ఆగుతూ చెప్పండి.

నాలుగవ మెట్టు: మౌనం

మాటలు అయిపోయాక వెంటనే లేవకండి. మూడు నాలుగు నిమిషాలు ఏమీ అడగకుండా, ఏమీ ఆలోచించే ప్రయత్నం చేయకుండా ఆయన సన్నిధిలో ఉండండి. ఆవిలాపురి పునీత తెరేజా మౌన ప్రార్థనను, మనలను ప్రేమిస్తున్నాడని తెలిసినవాడితో తరచు ఏకాంతంగా జరిపే స్నేహ సంభాషణగా వర్ణించారు. స్నేహితుల మధ్య మాటలు ఆగిన క్షణాలు కూడా స్నేహమే కదా. ఈ మెట్టును మన ప్రయత్నంతో ఎక్కలేం, ఇది వరం. మనం చేయగలిగినది దానికి చోటు ఇవ్వడమే. మనసు దారి తప్పితే ఎంచుకున్న మాటను నెమ్మదిగా ఒకసారి పలికి తిరిగి రండి. ఇరవైసార్లు తప్పితే ఇరవైసార్లు తిరిగి రండి. అలా తిరిగి రావడమే ఆ రోజు ప్రార్థన.

నిద్ర ముంచుకొచ్చేవారికి లిసియు పునీత తెరేజా మంచి తోడు. ప్రార్థన వేళ తనకు తరచు నిద్ర పట్టేదని, అయినా తల్లిదండ్రులకు పిల్లలు మేలుకున్నప్పుడూ నిద్రపోతున్నప్పుడూ సమానంగానే ముద్దొస్తారని తలచుకొని ఊరట పొందేదాన్నని ఆమె రాసుకున్నారు.

ఐదవ మెట్టు: చేతుల్లోకి దిగడం

గీగో చెప్పిన నిచ్చెనకు నాలుగు మెట్లే అయినా, పోపు 16వ బెనెడిక్టు 2010లో వెలువరించిన ప్రబోధంలో ఒక సంగతి స్పష్టం చేశారు: విశ్వాసి జీవితాన్ని ఇతరులకు కానుకగా మలిచే ఆచరణ వరకు చేరనిదే దివ్య పఠనం పూర్తికాదు. కనుక లేచే ముందు ఈరోజు చేయవలసిన ఒక్క పనిని నిర్ణయించుకోండి. ఈరోజు ప్రేమగా ఉంటాను అన్నది నిర్ణయం కాదు. ఎవరికి, ఎప్పుడు, ఏమిటి అన్నవి అందులో ఉండాలి: మధ్యాహ్నం లోపు అన్నయ్యకు ఫోను చేసి, పోయినసారి అన్న మాటకు క్షమాపణ చెబుతాను.

ఎంచుకున్న మాటను ఒక చిన్న కాగితం మీద రాసి జేబులోనో పుస్తకంలోనో పెట్టుకోండి. వరుసలో నిలబడినప్పుడు, వంట చేసేటప్పుడు, బస్సు కోసం వేచి ఉన్నప్పుడు దానిని ఒకసారి లోగొంతుకతో పలకండి. నెమరు అనడంలోని అర్థం రోజు మధ్యలోనే ఎక్కువగా తెలుస్తుంది.

రాత్రి పడుకోబోయే ముందు పునీత లొయోలా ఇన్యాసి నేర్పిన ఆత్మపరిశీలనతో ఆ మాటను ముగించండి: అందిన మేళ్లకు కృతజ్ఞత, వెలుగు కోసం మనవి, గంట గంటగా రోజును తిరిగి చూడడం, తప్పులకు మన్నింపు కోరడం, రేపటికి సంకల్పం. పది నిమిషాలు మించనక్కరలేదు. ఉదయం అనుకున్న పని జరిగిందా లేదా అన్నది ఇక్కడ దానంతట అదే తేలుతుంది. మళ్లీ మళ్లీ ఒకే చోట పడుతున్నామని గమనిస్తే, దానిని పాపసంకీర్తనానికి, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకొనే సంస్కారానికి, తీసుకువెళ్లండి. అప్పుడు ఆ సంస్కారం పాత జాబితాను అప్పజెప్పడంగా మిగిలిపోదు.

ఎదురయ్యే ఇబ్బందులు

మొదటి రెండు వారాల ఉత్సాహం తర్వాత ఎండిపోయిన రోజులు వస్తాయి. ఏ మాటా తగలదు, కూర్చోవడమే భారమవుతుంది. ఇలాంటి దుఃఖకాలంలో, మనసు తేటగా ఉన్నప్పుడు చేసుకున్న నిర్ణయాన్ని మార్చుకోకూడదని పునీత ఇన్యాసి గట్టిగా హెచ్చరించారు. ఇరవై నిమిషాలు అనుకుంటే ఇరవై నిమిషాలూ కూర్చోండి. ఆ తరువాత ఏం చదివారో గుర్తుండకపోయినా ఫరవాలేదు.

కఠినమైన భాగాలు మరో ఇబ్బంది. 137వ కీర్తన చివరి వచనం లాంటివి, యుద్ధాలలో ఊచకోతలను చెప్పేవి, చదివి కలవరపడడం సహజమే. అలాంటి చోట ఒంటరిగా అర్థం తేల్చుకోవద్దు. లేఖనాన్ని మొత్తం లేఖనపు ఐక్యతలో, శ్రీసభ సజీవ సంప్రదాయంలో చదవాలని వాటికన్ మహాసభ నేర్పింది. సిలువ మీద తన శత్రువుల కోసం ప్రార్థించిన క్రీస్తు ముఖం చూస్తూ ఆ వచనాన్ని చదవండి. ఇంకా బోధపడకపోతే మీ విచారణ గురువును, అంటే మీ గుడి గురువును, అడగండి.

ఒక వచనం మనసుకు తగిలినంత మాత్రాన ఉద్యోగం మానేయమనో, ఫలానా సంబంధం కుదుర్చుకోమనో దేవుడు చెప్పాడని ప్రకటించకండి. పెద్ద నిర్ణయాలకు కాలం, ప్రార్థన, పెద్దల సలహా, ఆత్మీయ మార్గదర్శి మాట అన్నీ అవసరం.

ఇంట్లో కలిసి చదవాలనుకుంటే పద్ధతి తేలికే: ఒకరు చదవాలి, అందరూ కాసేపు మౌనంగా ఉండాలి, తర్వాత ఒక్కొక్కరూ తమకు తగిలిన మాటను మాత్రం పలకాలి. వ్యాఖ్యానాలు, ఉపదేశాలు వద్దు. పిల్లలు ఈ పని పెద్దల కంటే బాగా చేస్తారు.

వారం మొత్తంలో ఒక్కరోజే వీలవుతుందనుకునేవారు శనివారం సాయంత్రాన్ని ఎంచుకోండి. మరునాటి సువిశేషాన్ని పైన చెప్పిన మెట్ల వరుసలో చదివి, ఆగిన మాటను కాగితం మీద రాసుకోండి. ఆదివారం దివ్యబలిపూజలో అందరితో కలిసి లేచి నిలబడి, నుదుటి మీద, పెదవుల మీద, రొమ్ము మీద చిన్న సిలువ గుర్తులు వేసుకున్నాక, రాత్రంతా మీతో ఉన్న ఆ మాట మరొకరి గొంతులో ఎప్పుడు వస్తుందా అని మీ చెవి ఎదురుచూస్తుంది.